కారు సబ్‌ఫ్రేమ్‌కు తుప్పు: రంగు వేయడం కంటే ముందు చేయాల్సిన పని

కారు కింద, ముందు చక్రాల మధ్య అడ్డంగా ఒక ఇనుప చట్రం ఉంటుంది. దాన్నే సబ్‌ఫ్రేమ్ అంటారు. గ్యారేజీల్లో 'క్రాస్ మెంబర్' అనే మాట కూడా వినిపిస్తుంది. చక్రాలను పట్టుకునే లోయర్ ఆర్మ్‌లు దీనికే బిగించి ఉంటాయి. చాలా కార్లలో స్టీరింగ్ రాక్, ఇంజిన్ మౌంటింగుల్లో ఒకటి కూడా దీని మీదే కూర్చుంటాయి. బ్రేకు వేసినా, గుంతలో పడినా, మలుపు తిరిగినా చక్రం మీద పడే బలాన్ని మోసి బాడీకి అందించేది ఇదే. ఇలాంటి భాగానికి తుప్పు పడితే అది బండి అందానికి సంబంధించిన విషయం కాదు, లోపల కూర్చున్న వాళ్ల ప్రాణాలకు సంబంధించినది.

బొలెరో, ఇన్నోవా క్రిస్టా, ఫార్చ్యూనర్ లాంటి బండ్లకు కింద నిచ్చెన ఆకారంలో పొడవాటి ఛాసిస్ ఉంటుంది. చిన్న కార్లు, సెడాన్లలో అలా కాదు. వాటికి బాడీయే చట్రం, దానికి ముందు భాగంలో సబ్‌ఫ్రేమ్ బోల్టులతో బిగుస్తుంది. కొన్ని కార్లకు వెనక కూడా ఒకటి ఉంటుంది. బోల్టులు విప్పితే మొత్తం ఊడి చేతికి వస్తుంది కాబట్టి, దీన్ని నాలుగు వైపులా శుభ్రం చేసి రంగు వేసే వీలు ఉంది. ఛాసిస్‌కు అది అంత సులువు కాదు.

అమెరికాలో చలికాలం రోడ్ల మీద మంచు కరగడానికి ఉప్పు చల్లుతారు. ఆ ఉప్పు వల్ల సబ్‌ఫ్రేమ్‌లు తుప్పుపట్టిపోవడంతో 1999 నుంచి 2003 మోడల్ విండ్‌స్టార్ వ్యాన్లను ఫోర్డ్ కంపెనీ 2011లో 4 లక్షలకు పైగా వెనక్కి పిలిచింది. షికాగోలోనో టొరంటోలోనో ఉంటున్న మనవాళ్లకు ఈ ఉప్పు బాధ బాగా తెలుసు. ఆంధ్ర, తెలంగాణ రోడ్ల మీద ఉప్పు చల్లేవాళ్లు లేరు. కానీ విశాఖపట్నం, కాకినాడ, మచిలీపట్నం లాంటి తీర పట్టణాల్లో ఆ ఉప్పు గాలిలోనే వస్తుంది. గల్ఫ్‌లో జెద్దా, దమ్మామ్, కువైట్ తీరాల్లోనూ అంతే.

తుప్పు ఎక్కడ మొదలవుతుంది

ఇనుము, నీరు, ఆక్సిజన్ మూడూ కలిస్తే తుప్పు. ఉర్దూ మాట్లాడే మిస్త్రీలు జంగ్ అనేది దీన్నే. ఉప్పు తుప్పుగా మారదు గానీ తడిని పట్టి ఉంచుతుంది, ఆ తడిలో కరెంటు సులువుగా పారేలా చేస్తుంది. అందుకే సముద్రం దగ్గర పని త్వరగా పాడవుతుంది. ఇంకో ఇబ్బంది ఏమిటంటే, తుప్పు ఇనుము కన్నా చాలా ఎక్కువ చోటు ఆక్రమిస్తుంది. రెండు రేకులు కలిపి వెల్డింగ్ చేసిన సందులో అది పుడితే ఉబ్బి ఆ రేకులనే విడదీస్తుంది.

ఫ్యాక్టరీలో సబ్‌ఫ్రేమ్‌ను రంగు తొట్టిలో ముంచి, కరెంటు పంపి రంగు పట్టిస్తారు. మంచి పద్ధతే. కానీ ఆ పొర సాధారణంగా 20 మైక్రాన్ల దాకా ఉంటుంది, అంటే తల వెంట్రుక మందంలో మూడో వంతు కూడా ఉండదు. రేకు అంచుల దగ్గర అది ఇంకా పలచబడుతుంది. వెల్డింగ్ అతుకుల మీద మిగిలిన గాజులాంటి మడ్డికి రంగు సరిగా పట్టదు. అందుకే ఏ కారు కింద చూసినా తుప్పు మొదట కనిపించేది అతుకుల వెంట, అంచుల వెంట. తర్వాత ముందు చక్రాలు ఎగజిమ్మే కంకర తగిలే చోట్ల, జాక్ పెట్టి పెట్టి రంగు లేచిపోయిన చోట్ల.

కంటికి కనిపించనిది అసలు ప్రమాదం. చాలా సబ్‌ఫ్రేమ్‌లు లోపల డొల్లగా, పెట్టెలా ఉంటాయి. నీరు బయటికి పోవడానికి కింద రంధ్రాలు పెడతారు. మట్టి చేరి అవి మూసుకుపోతే లోపలి తడి నెలల తరబడి ఆరదు. 2020 అక్టోబరులో హైదరాబాద్‌లో, 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడలో వరదలు వచ్చినప్పుడు ఎన్నో కార్లు రోజుల తరబడి నీళ్లలో నిలిచాయి. ఇలాంటి బండ్లలో సీట్లు, కార్పెట్లు మార్చేస్తారు, ఇంజిన్ ఆయిల్ మారుస్తారు. సబ్‌ఫ్రేమ్ లోపల పేరుకున్న బురదను కడిగించేవాళ్లు తక్కువ. బండి బాగానే నడుస్తుంది, తుప్పు మాత్రం లోపల్నుంచి బయటికి తింటూ వస్తుంది.

రంగు వేయాలా, పార్ట్ మార్చాలా

ఏ పనికైనా ముందు తేల్చుకోవాల్సింది ఇదే. కారును లిఫ్ట్ మీదికి ఎక్కించి, పాత స్క్రూడ్రైవర్ మొనతో తుప్పు ఉన్న చోట గట్టిగా పొడిచి చూడాలి. చిన్న సుత్తితో కొట్టి వినాలి. గట్టి ఇనుము ఖంగుమంటుంది, లోపల తినేసినది డబ్‌డబ్‌మంటుంది. పైన పొడిలాంటి తుప్పు ఉండి కింద లోహం గట్టిగా ఉంటే రంగు పనికొస్తుంది. పెచ్చులు పెచ్చులుగా ఊడుతుంటే జాగ్రత్త పడాలి. లోయర్ ఆర్మ్ బిగించే చోట, స్టీరింగ్ రాక్ బోల్టుల దగ్గర, సబ్‌ఫ్రేమ్ బాడీకి కలిసే చోట రంధ్రం పడినా, రేకు బాగా పలచబడినా ఆ సబ్‌ఫ్రేమ్‌కు రంగు దండగ. మార్చాల్సిందే. రేకు ముక్క అతికించి వెల్డింగ్ చేసి పుట్టీ పెట్టడం తలుపుకు చెల్లుతుంది, బరువు మోసే భాగానికి చెల్లదు. మార్చేటప్పుడు తుక్కు మార్కెట్ నుంచి తెచ్చినది కొత్తదాని కన్నా చవక. కాకపోతే దానికీ ఇదే స్క్రూడ్రైవర్ పరీక్ష చేయాలి, యాక్సిడెంట్‌లో వంగినది కాదని కొలతలు చూసుకోవాలి.

సెకండ్ హ్యాండ్ కారు కొనే కుటుంబాలు ఒక్క విషయం గుర్తుపెట్టుకోవాలి. పదేళ్ల బండి కింద అంతా నిగనిగలాడే కొత్త నల్లరంగు ఉంటే సంతోషపడకూడదు. బోల్టు తలల మీద, రబ్బరు బుష్‌ల మీద, సైలెన్సర్ పైపు మీద కూడా అదే రంగు పడి ఉంటే అది అమ్మకానికి ముందు హడావిడిగా కొట్టిన స్ప్రే. కింద ఏముందో దాచడానికే ఎక్కువగా అలా చేస్తారు. అలాంటి నల్లరంగు కన్నా కళ్లకు కనిపించే పలచని తుప్పు నయం. అమ్మేవాళ్లు అనుమతిస్తే అక్కడే గీకి చూడాలి. అనుమతించకపోతే విషయం అర్థమైనట్టే.

విప్పడం

ఇది ఇంటి దగ్గర ఇటుకల మీద బండి నిలబెట్టి చేసే పని కాదు. లిఫ్ట్ ఉండాలి, లేదా బరువుకు తగ్గ స్టాండ్లు ఉండాలి. సబ్‌ఫ్రేమ్ తీసేస్తే ఇంజిన్‌కు కింది ఆధారం పోతుంది కాబట్టి ముందే పైనుంచి అడ్డ బార్ వేసి ఇంజిన్‌ను వేలాడదీయాలి. జాక్ ఒక్కదాని మీద వదిలి కిందికి దూరకూడదు.

స్టీరింగ్ రాక్‌ను సబ్‌ఫ్రేమ్‌తో పాటు దించాల్సి వస్తే చక్రాలు నేరుగా పెట్టి, స్టీరింగ్ తిరగకుండా సీట్ బెల్టుతోనైనా కట్టేయాలి. జాయింట్ విడదీసిన తర్వాత స్టీరింగ్‌ను ఎవరైనా గిరగిరా తిప్పితే ఎయిర్‌బ్యాగ్‌కు కరెంటు అందించే క్లాక్ స్ప్రింగ్ తెగుతుంది. పిల్లలు బండిలోకి ఎక్కి ఆడే ఇళ్లలో ఇది జరిగే పనే.

తుప్పు పట్టిన బోల్టులను ముందురోజు నుంచే రస్ట్ ఆయిల్‌తో నానబెట్టాలి. సబ్‌ఫ్రేమ్ బాడీకి ఎక్కడ ఆనుకుని ఉందో మార్కర్‌తో గీత గీసి పెట్టుకుంటే తిరిగి బిగించేటప్పుడు అలైన్‌మెంట్ పని తేలికవుతుంది. బుష్‌లు ఎటూ పాతబడి ఉంటాయి కనుక ఇప్పుడే ప్రెస్‌తో తీయించి కొత్తవి తెప్పించుకోవడం మంచిది. మళ్లీ మళ్లీ విప్పే పని కాదిది.

ముందు జిడ్డు, తర్వాత తుప్పు

ఎక్కువ మంది తప్పుచేసేది ఈ వరుసలోనే. సబ్‌ఫ్రేమ్ చేతికి రాగానే గ్రైండర్‌కు వైర్ బ్రష్ తగిలించి మొదలుపెడతారు. దాని మీద ఇంజిన్ ఆయిల్, గ్రీజు, మట్టి కలిసిన మందపాటి పూత ఉంటుంది. బ్రష్ దాన్ని తీసేయదు, ఇనుము గరుకులోకి రుద్దేస్తుంది. ఆ జిడ్డు మీద ఎంత ఖరీదైన రంగు వేసినా ఏడాదిలో పొరలుగా లేస్తుంది.

అందుకని మొదట గరిటెతోనో పాత పుట్టీ బ్లేడుతోనో మందంగా ఉన్నదాన్ని గీకేయాలి. తర్వాత డీగ్రీజర్ పోసి బ్రష్‌తో రుద్ది, వేడినీళ్లు, సబ్బు పొడితో కడగాలి. కిరోసిన్, డీజిల్ వాడితే జిడ్డు కరుగుతుంది కానీ వాటిదే ఒక నూనె పొర మిగులుతుంది. వాటితో కడిగినా చివర సబ్బునీళ్లు తప్పవు. డొల్ల భాగాల్లోకి పైపు పెట్టి నీళ్లు పంపి, కింది రంధ్రాల్లోంచి తేట నీరు వచ్చేదాకా బురద వదిలించాలి. పని అయిందో లేదో తెలుసుకోవడానికి మంచి పరీక్ష ఒకటుంది. శుభ్రమైన నీళ్లు పైన పోయాలి. పలచని తెరలా అంతటా పరుచుకుంటే జిడ్డు పోయినట్టు. కొబ్బరినూనె రాసిన చేతి మీద నిలిచినట్టు బొట్లు బొట్లుగా నిలిస్తే ఇంకా ఉన్నట్టు.

తుప్పు తీయడానికి అన్నిటికన్నా మంచిది బ్లాస్టింగ్. గాలి ఒత్తిడితో గరుకు గింజల్ని కొట్టడం వల్ల గుంతల్లో దాగిన తుప్పు కూడా పోతుంది, రంగు పట్టుకోవడానికి కావాల్సిన గరుకుదనం కూడా వస్తుంది. అయితే మామూలు ఇసుకతో చేసే చోట పని ఇవ్వకూడదు. ఆ ధూళి ఊపిరితిత్తుల్లో చేరితే సిలికోసిస్ వస్తుంది, దానికి నయం చేసే మందు లేదు. గార్నెట్ లాంటి గింజలు వాడే షాపు చూసుకోవాలి. అక్కడ పనిచేసే కుర్రాళ్లు ముఖానికి రుమాలు కట్టుకుని కొడుతుంటే ఆ షాపు ఎంత చవకైనా వద్దు.

బ్లాస్టింగ్ దొరకని ఊళ్లలో గ్రైండర్, వైర్ బ్రష్, ఎమెరీ పేపర్లే గతి. వైర్ బ్రష్‌తో ఒక మోసం ఉంది. అది తుప్పును తీసినట్టే తీసి, మిగిలినదాన్ని నునుపుగా మెరిపిస్తుంది. చూడ్డానికి గోధుమరంగు మెరుపు, లోపల తుప్పే. అందుకే బ్రష్ తర్వాత 80 నంబర్ ఎమెరీతో గరుకు చేయాలి. గుంతల్లో మిగిలినదానికి రస్ట్ కన్వర్టర్ రాయాలి. వీటిలో కొన్నింటిలో టానిక్ యాసిడ్ ఉంటుంది. అది తుప్పుతో కలిసి నల్లని గట్టి పదార్థంగా మారుతుంది. తెలుగువాళ్లకు ఈ రసాయనం కొత్తేమీ కాదు. కలంకారీలో కరక్కాయ రసం పట్టించిన బట్ట మీద, బెల్లంలో ఊరిన ఇనుము నీళ్లతో గీస్తే నల్లగీత పడేది సరిగ్గా ఇందువల్లే.

బాత్రూములు కడిగే యాసిడ్ పోస్తే తుప్పు నిమిషాల్లో పోతుంది కదా అని కొందరు చెబుతారు. వినకూడదు. అది హైడ్రోక్లోరిక్ యాసిడ్. వెల్డింగ్ సందుల్లోకి దూరిన క్లోరైడును ఎంత కడిగినా పూర్తిగా తీయలేం. అది ఉప్పు చేసే పనే లోపల ఉండి చేస్తుంది. గట్టిదనం ఎక్కువున్న బోల్టులను అందులో వేస్తే లోపల పెళుసెక్కి, బిగించాక ఒకరోజు టక్కున విరిగే ప్రమాదం కూడా ఉంది.

రంగు పడకూడని చోట్లు

రంగు ఎక్కడ వేయాలన్నది అందరూ అడుగుతారు. ఎక్కడ వేయకూడదన్నది అంతకన్నా ముఖ్యం. సబ్‌ఫ్రేమ్ బాడీకి ఆనే ముఖాల మీద, బోల్టు వాషర్లు కూర్చునే చోట మందంగా రంగు ఉంటే బోల్టు బిగుతు కింద అది మెల్లగా నలిగి పలచబడుతుంది. అంత మేరకు బోల్టు వదులవుతుంది. వదులైన సబ్‌ఫ్రేమ్ మలుపుల్లో టక్ టక్ మని కదులుతుంది, స్టీరింగ్ మాట వినదు. కాబట్టి ఆ చోట్లకు, బుష్ దూర్చే రంధ్రాల లోపలికి, ఎర్త్ వైరు తగిలించే చోటుకు మాస్కింగ్ టేప్ వేయాలి. మరల్లోకి పాత బోల్టులు బిగించి ఉంచితే సరిపోతుంది. వాటికి గ్రీజు రాయొద్దు. నీరు పోయే రంధ్రాలు రంగుతో మూసుకుపోకుండా చూసుకోవాలి.

ప్రైమర్, రంగు

గేట్లకు, కిటికీ గ్రిల్స్‌కు వేసే రెడాక్సైడ్ ఇక్కడ చాలదు. దాని గుండా తడి దిగుతుంది. కంకర దెబ్బకు ఆగదు. సబ్‌ఫ్రేమ్‌కు సరైనది రెండు డబ్బాలుగా వచ్చే ఎపాక్సీ ప్రైమర్. హార్డెనర్ ఎంత కలపాలి, కలిపాక ఎంతసేపట్లో వాడేయాలి, రెండో కోటుకు ఎంత వ్యవధి ఇవ్వాలి అన్నవి కంపెనీని బట్టి మారతాయి. డబ్బా మీద రాసిందే ప్రమాణం, మిస్త్రీ అలవాటు కాదు. బ్లాస్టింగ్ చేసిన నగ్న లోహం దొరికితే దాని మీద జింక్ ప్రైమర్ ఇంకా మంచిది. జింక్ తాను కరిగిపోతూ ఇనుమును కాపాడుతుంది. కానీ జింక్ నేరుగా ఇనుముకు తగిలితేనే ఆ ఫలితం. పాత రంగు మీద, తుప్పు మీద వేస్తే డబ్బు వృథా. యాసిడ్ ఉన్న కన్వర్టర్ రాసిన చోట ఎపాక్సీ వేయాలంటే అవి ఒకదానికొకటి పడతాయో లేదో ముందు చూసుకోవాలి. మిగిలిపోయిన యాసిడ్ మీద ఎపాక్సీ పట్టదు.

శుభ్రం చేసిన ఇనుము గాలి తగలగానే మళ్లీ తుప్పు పట్టడం మొదలుపెడుతుంది. తీర ప్రాంతాల్లో వానాకాలం అయితే పొద్దున తీసినది మధ్యాహ్నానికి పసుపు తిరుగుతుంది. ఆ రోజే, వీలైతే కొద్ది గంటల్లోనే ప్రైమర్ పడాలి. ఈలోగా వట్టి చేతులతో ముట్టుకోకూడదు, చేతి చెమటలోనూ ఉప్పు ఉంటుంది. గాలిలో తేమ 85 శాతం దాటితే పని వాయిదా వేయడమే మేలు. కంటికి కనిపించని మంచు పొర ఇనుము మీద ఉన్నా రంగు దాని మీదే ఆరుతుంది. కోస్తాలో ఈ పనికి మంచి కాలం సంక్రాంతి తర్వాత, ఎండ ఎక్కాక.

స్ప్రే గన్ పట్టుకునే ముందు చిన్న బ్రష్‌తో అతుకులు, అంచులు, రంధ్రాల చుట్టూ ఒక కోటు వేయాలి. తడి రంగు ఆరేటప్పుడు అంచుల నుంచి వెనక్కి జరిగే గుణం ఉంటుంది, అందుకే అక్కడ ఎప్పుడూ పలచగా మిగులుతుంది. పైగా తుప్పు మొదలయ్యేదీ అక్కడే. ఈ ఒక్క పని చేసిన సబ్‌ఫ్రేమ్‌కూ, చేయనిదానికీ నాలుగేళ్ల తర్వాత తేడా తెలుస్తుంది. ఆ తర్వాత ప్రైమర్ రెండు కోట్లు, పైన ఛాసిస్ బ్లాక్ లేదా రెండు డబ్బాల పాలియురేథేన్ నల్లరంగు రెండు కోట్లు.

పౌడర్ కోటింగ్ ఈమధ్య చాలా ఊళ్లలో దొరుకుతోంది. చూడ్డానికి బాగుంటుంది, గట్టిగానూ ఉంటుంది. సుమారు 180 నుంచి 200 డిగ్రీల వేడిలో కాలుస్తారు కాబట్టి రబ్బరు ముక్క ఒక్కటి లోపల మిగిలినా మాడిపోతుంది. పెట్టె లోపలికి ఆ పొడి చేరదు. రాయి తగిలి ఒకచోట పెచ్చు లేస్తే తడి దాని కింద పాకుతూ పోతుంది, పైకి మాత్రం నున్నగానే కనిపిస్తుంది. సబ్‌ఫ్రేమ్‌కు ఎపాక్సీనే నయం.

పాలియురేథేన్ రంగు హార్డెనర్‌లో ఐసోసయనేట్లు ఉంటాయి. స్ప్రే చేసినప్పుడు ఆ తుంపర పీలిస్తే ఆస్తమా రావచ్చు, ఒకసారి వస్తే ఆ తర్వాత కొద్దిపాటి వాసనకే ఊపిరి ఆడదు. కరోనా నాటి గుడ్డ మాస్కు దీన్ని ఏమాత్రం ఆపదు. బయటి గాలి పైపు ద్వారా అందే మాస్కు కావాలి. డెంటింగ్, పెయింటింగ్ పనిలో తరతరాలుగా ఉన్న కుటుంబాలు ఎన్నో ఉన్నాయి. ఆ ఇళ్లలో పెద్దవాళ్ల దగ్గును వయసు మీద తోసేస్తుంటారు. ఇంటి వరండాలోనో, పిల్లలు తిరిగే సందులోనో ఈ రంగు కొట్టకూడదు. బ్రష్‌తో వేసే ఛాసిస్ ఎనామెల్ అంత గట్టిది కాకపోయినా ఇంటి దగ్గర చేసుకునేవాళ్లకు అదే క్షేమం.

లోపలి భాగం, తిరిగి బిగింపు

బయట రంగు ఎంత బాగా వేసినా డొల్ల లోపలికి అది చేరదు. రంగు పూర్తిగా ఆరాక, పొడవాటి గొట్టం ఉన్న స్ప్రేతో క్యావిటీ వ్యాక్స్ లోపలికి కొట్టాలి. అది సన్నని సందుల్లోకి పాకి మెత్తగానే ఉండిపోతుంది, పగుళ్లు రావు. దీని బదులు తారులాంటి అండర్‌బాడీ కోటింగ్ దట్టంగా పూసి రంధ్రాలు కూడా మూసేసే పద్ధతి ఒకటి నడుస్తోంది. తుప్పు మీద అది పూస్తే తడి లోపలే చిక్కుకుంటుంది. వాడిన ఇంజిన్ ఆయిల్ కొట్టడం, సర్వీసింగ్‌లో డీజిల్ వాష్ చేయించడం కూడా మానాలి. బుష్‌ల రబ్బరు ఉబ్బి మెత్తబడుతుంది, బ్రేకుల మీద పడితే ఇంకా ప్రమాదం.

బిగించేటప్పుడు బోల్టులకు సర్వీస్ మాన్యువల్‌లో చెప్పినంత బిగుతు టార్క్ రెంచ్‌తోనే ఇవ్వాలి. కొన్ని కార్లలో సబ్‌ఫ్రేమ్ బోల్టులు ఒక్కసారి వాడి పారేసేవి, పాతవి తిరిగి వేయకూడదు. రబ్బరు బుష్‌ల బోల్టులను బండి చక్రాల మీద నిలబడి బరువు పడ్డాకే చివరి బిగింపు బిగించాలి. గాలిలో వేలాడుతుండగా బిగిస్తే రబ్బరు ఎప్పుడూ మెలితిరిగే ఉండి త్వరగా చిరుగుతుంది. తర్వాత వీల్ అలైన్‌మెంట్ తప్పనిసరి. నాలుగైదు వందల కిలోమీటర్లు తిరిగాక బోల్టుల బిగుతు మరోసారి చూపించుకోవాలి.

ఏటా వానలు ఆగాక బండిని లిఫ్ట్ ఎక్కించి మామూలు నీళ్లతో కింద కడిగించి, నీటి రంధ్రాల్లో సన్నని తీగ పెట్టి తిప్పితే సరి. రాయి తగిలి రంగు లేచిన చోటు కనిపిస్తే అక్కడే గీకి, ఎపాక్సీ ఒక చుక్క, నల్లరంగు ఒక చుక్క. తీరంలో ఉండేవాళ్లు రెండేళ్లకోసారి లోపల వ్యాక్స్ మళ్లీ కొట్టించుకోవాలి.